బొర్లించిన సైకిలు, ఇసుక డబ్బా

1987 డిసెంబరులో, మా పదో తరగతప్పుడు, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో నలుగురం చందాలేసుకుని ఒక సైకిలు కొన్నాం. దానికి ముందు చక్రం లేదు, సీటు లేదు, హ్యాండిల్ ఒక పక్కకి వంగిపోయింది. అమ్మినాయన మా మొహాలు చూసి, "ఎట్ల తొక్కుతరు బిడ్డా దీన్ని?" అన్నాడు. తొక్కడానికి కాదు, పతంగి దారం చుట్టడానికని చెబితే ఇంకో రెండు రూపాయలు తగ్గించాడు. పిచ్చివాళ్ళమని జాలిపడ్డాడేమో.

మా బడి కార్వాన్ పక్కన, ధూల్‌పేట కూతవేటు దూరం. డిసెంబరు వచ్చిందంటే మాకు పాఠాలు మిద్దెల మీదే. కోస్తా నుంచి బదిలీల మీద వచ్చినవాళ్ళ పిల్లలు గాలిపటం అనేవాళ్ళు, మాకది పతంగి. ఉత్త తెల్ల దారం సద్ది, గాజుపొడి పట్టించింది మాంజా, దారం చుట్టుకునేది చరక్. ట్యూబులైటు గాజు రోట్లో దంచి, బట్టలో జల్లించి, అన్నం గంజీ సరేసు జిగురూ రంగూ కలిపి లుగ్ది చేసుకునేవాళ్ళం. అదంతా సరదాగానే ఉండేది. చుట్టడమే నరకం. వెయ్యి గజాల రీలుని చేత్తో చరక్‌కి ఎక్కించాలంటే ఇద్దరికి గంట పని. అరచేతులు మండేవి, మధ్యలో ఒకడు ఎటో చూసేవాడు, దారం చిక్కుపడేది, తన్నుకునేవాళ్ళం.

సైకిలుని బోర్లించి, వెనక చక్రానికి టైరూ ట్యూబూ తీసేశాం. ఖాళీ రిమ్ము గాడిలోంచి బెల్టు వేసి, చరక్ ఇరుసుకి బిగించిన నాలుగంగుళాల చెక్క చక్రానికి తగిలించాం. బెల్టు మా టైలరు కొడుకు తెచ్చాడు: కుట్టుమిషను తోలు బెల్టులు రెండు, ఇనప కొక్కేలతో కలిపినవి. (వాళ్ళ నాన్నకి తెలిసే తెచ్చాడా అన్నది మేం అడగలేదు.) చైను పళ్ళు లెక్కపెట్టాం. ముందు 44, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే రిమ్ము దాదాపు రెండున్నర చుట్లు, రిమ్ము ఒక చుట్టు తిరిగితే చరక్ ఆరు చుట్లు. మొత్తం మీద ఒక్క తిప్పుకి చరక్ 15 చుట్లు, నాలుగున్నర మీటర్ల దారం. రెండు వందల తిప్పులకి వెయ్యి గజాల రీలు ఖాళీ! ఆ లెక్క తేలిన రోజు మేం నేల మీద నడవలేదు.

మర్నాడే నేల మీదికి దిగాం. మొదటిసారి తిప్పగానే దారం బొటనవేలి కిందనుంచి సర్రున జారి తోలు చీరింది. మచ్చ ఇప్పటికీ ఉంది. రెండో రోజు దారమంతా చరక్ నడుమ గుట్టపడి, బిగువు లేక, పై వరసలు కింది వరసల్లోకి దిగబడ్డాయి. గుడ్డముక్క మడిచి, బట్టల క్లిప్పు పెట్టి, దాని మధ్యలోంచి దారం పోనిచ్చాక బిగువు కుదిరింది. ఒకడు తీగ రింగు పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా జరుపుతుంటే వరసలు సమంగా పడ్డాయి.

అంతుపట్టనిది ఒకటే. చుట్టిన దారాన్ని వదులు చేస్తే చాలు, జడలాగా మెలికలు తిరిగేది. వారం రోజులు దారాన్నే తిట్టాం. తీరా చూస్తే తప్పు మాదే. రీలుని నేల మీద నిలబెట్టి, పైకొస నుంచి దారం లాగుతున్నాం. అలా లాగితే రీలు మీంచి విడిపోయే ప్రతి చుట్టుకీ దారంలో ఒక మెలి చేరుతుంది. రీలుకి మేకు గుచ్చి, అది కూడా తిరిగేలా అడ్డంగా పెట్టేసరికి జడ మాయమైంది.

ఇంతవరకూ ఆటే. దీన్ని సైన్సు ఎగ్జిబిషన్‌కి పెట్టండ్రా అన్నది మా ఫిజిక్స్ సారు. ఊరికే చుట్టే మిషను పెడితే ఏం సైన్సు, దారం ఎంత బరువు ఆపుతుందో కూడా చూపించండి అన్నారు. ల్యాబులోంచి స్ప్రింగు త్రాసు ఇచ్చారు. దారం తెగగానే ముల్లు సున్నాకి ఎగిరి వచ్చేది, ఎంత దగ్గర తెగిందో ఎవడి కంటికీ ఆనేది కాదు. త్రాసు పక్కన పెట్టి, డాల్డా డబ్బా వేలాడదీసి రాళ్ళు వేశాం. ఒకే దారం ఒకసారి రెండు కిలోలకి, ఒకసారి మూడు కిలోలకి తెగింది. రాయి వేసినప్పుడు వచ్చే కుదుపు కూడా బరువే కదా! అప్పుడు ఇసుక మొదలుపెట్టాం. గ్లాసుతో సన్నటి ధార, తెగేదాకా. తెగాక డబ్బా తీసుకెళ్ళి కూరగాయల త్రాసులో తూచడం. డబ్బా నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలి, కింద గోనెసంచి పరవాలి అన్న నియమం మా పొట్టోడి కాలి మీద డబ్బా పడ్డాక వచ్చింది.

అయినా అంకెలు కుదరలేదు. సారు వచ్చి రెండుసార్లు చూశారు. మూడోసారి తెగిన కొస చేతిలోకి తీసుకుని అడిగారు: "దారం బలం చూస్తున్రా, ముడి బలం చూస్తున్రా?"

నిజమే. తెగిన ప్రతిసారీ దారం ముడి కాడే తెగింది, నడుమ తెగింది లేదు. మేం ఇన్నాళ్ళూ కొలిచింది మా ముడులని. కానీ ముడి లేకుండా డబ్బా ఎట్లా కట్టాలి? దీనికి జవాబు చెప్పింది చదువులో అందరికన్నా వెనక ఉండే పాలవాళ్ళబ్బాయి. "బర్రె గుంజుతుంటే ముడెవడు ఏస్తడు సార్? గుంజకి మూడు చుట్లు చుట్టి కొస పట్టుకుంటే సాలు, ఆగిపోతది." సారు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. పైనా కిందా రెండు నున్నటి వెదురు ముక్కలు పెట్టి, దారాన్ని ఒక్కోదానికి ఆరు చుట్లు చుట్టి, ఆ తర్వాత ముడి వేశాం. ఒక్కో చుట్టుకీ కొంత లాగుడు వెదురే మింగేస్తుంది; ముడి దాకా వచ్చేది ఏమీ ఉండదు. ఆ రోజునుంచి దారం నడుమ తెగడం మొదలైంది.

సద్ది 3 కిలోల 200 గ్రాములు, పదిసార్ల సగటు. అదే దారానికి మధ్యలో ఒక ముడి వేస్తే 1 కిలో 700. మాంజా 2 కిలోల 900: గాజు అవతలివాడి దారాన్నే కాదు, మన దారాన్నీ కొరుకుతుందన్నమాట. జానెడు ముక్క కన్నా రెండు మీటర్ల ముక్క ఎప్పుడూ తక్కువ బరువుకే తెగింది. పొడుగు పెరిగినకొద్దీ అందులో ఎక్కడో ఒక బలహీనమైన చోటు తగిలే అవకాశం పెరుగుతుందని సారు చెప్పారు. ఒక ముక్క బకెట్ నీళ్ళలో పడితే పారేయకుండా కట్టి చూశాం, 3 కిలోల 600 మోసింది. సారు నమ్మలేదు. మళ్ళీ తడిపి చూశారు, మళ్ళీ అంతే. వారం తర్వాత ఏదో పుస్తకం పట్టుకొచ్చి, నూలు తడిస్తే బలం పెరుగుతుందట్రా అని క్లాసులో అందరి ముందూ ఒప్పుకున్నారు.

ఎగ్జిబిషన్‌లో మాకేమీ రాలేదు. చూడవచ్చిన పెద్దమనిషి పెడల్ రెండు తిప్పులు తిప్పి, దీనివల్ల సమాజానికేం ఉపయోగం అని అడిగి, మేం నోరు తెరిచేలోగా పక్క బల్ల మీది అగ్నిపర్వతం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆ జవాబు ఇప్పుడైతే నా దగ్గరుంది. ఇప్పుడు మాంజా అంటే నైలాన్. చైనా మాంజా అంటారు గానీ చాలావరకు మన దేశంలో తయారయ్యేదే. 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించింది. అయినా జనవరి వస్తే బండి మీద పోయేవాళ్ళ మెడలు తెగిన వార్త చదవాల్సి వస్తూనే ఉంది. మా నూలు మాంజా మంచిదేం కాదు, మా వేళ్ళే సాక్ష్యం. కానీ అది ఏ మూడు కిలోల దగ్గరో తనే తెగేది. తెగనిదాన్ని ఆకాశంలోకి వదలడమేమిటో నాకు అర్థం కాదు.

అప్పటి నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆఖరి పేజీ పట్టికలో తడి మాంజా అన్న గడి ఖాళీ. అది చూడాల్సిన మాంజా మొత్తం భోగి నాటి పొద్దున మా మిద్దె మీద ఎగిరింది. పురానాపూల్ వైపు నుంచి వచ్చిన ఎర్ర పతంగితో పేంచ్ పడింది, దారాలు రెండూ పెనవేసుకున్నాయి. ఢీల్ ఇచ్చాం, అంటే దారం వదులుతూ పోయాం, చేతిలో దారం ఒక్కసారిగా తేలికైపోయింది. అవతలి మిద్దెల మీద అఫా అని కేకలు. ఎక్కడ తెగిందో చూద్దామని పాలవాళ్ళబ్బాయి వేగంగా చుట్టుకుంటూ వచ్చాడు. కొస చేతికి అందింది. సద్దికి మాంజా కలిపి కట్టిన ముడి దగ్గర.