అతని కాళ్లు రెండును కుంటివి

సౌలు రాజు మనవడు, దావీదు స్నేహితుడు యోనాతాను కొడుకు అయిన మెఫీబోషెతు మీద ప్రసంగం వినని విశ్వాసి మన సంఘాల్లో ఎవరూ ఉండరేమో. లోదెబారులో మాకీరు ఇంట తలదాచుకున్నవాణ్ణి దావీదు రాజు పిలిపించడం, భయపడవద్దని చెప్పడం, సౌలు భూములన్నీ తిరిగి ఇప్పించడం మనకు కంఠతా వచ్చు. ప్రసంగం మాత్రం తరచూ ఒకే చోట ముగుస్తుంది: బల్ల మీద పరిచిన వస్త్రం అతని కుంటికాళ్లను కప్పేసింది, కృప కూడా మన లోపాల్ని అలాగే కప్పేస్తుంది అని. అందరూ ఆమేన్ అంటారు. నా నోట ఆ ఆమేన్ రాదు.

ఎందుకంటే వాక్యంలో ఆ వస్త్రం లేదు. రాజు బల్ల దగ్గర భోజనం అనే మాట 2 సమూయేలు 9లో నాలుగుసార్లు వస్తుంది. 11వ వచనంలో అతన్ని రాజకుమారుల్లో ఒకడిగా లెక్కకట్టారు. కథ అక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో! కానీ పరిశుద్ధాత్ముడు ఆపలేదు. భూములు వచ్చాక, 15 మంది కొడుకులూ 20 మంది దాసులూ ఉన్న, సౌలు ఇంటి సేవకుడైన సీబా అతని పొలం దున్నే పనిలో కుదిరాక, సదాకాలం రాజు బల్ల దగ్గర చోటు దొరికాక, అధ్యాయానికి చివరి మాటగా రాయించాడు: అతని కాళ్లు రెండును కుంటివి. మనం దాచాలని చూసేదాన్ని దేవుడు దాచలేదు.

ఆ కాళ్లు ఎలా విరిగాయో కూడా గుర్తు చేసుకోండి (4:4). యెజ్రెయేలు నుంచి సౌలు, యోనాతానుల మరణవార్త వచ్చినప్పుడు వాడికి 5 ఏళ్లు. దాది వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తింది, వాడు పడిపోయాడు. ఇందులో పిల్లాడి పాపం ఏముంది? దాది తప్పు మాత్రం ఏముంది? కాపాడబోయిన చేతుల్లోంచే జారిపోయాడు. మనలో చాలామంది గాయాలు ఇలాంటివే. అయినా ఎవరికైనా కష్టం వస్తే సంఘంలో మొదట పుట్టే ప్రశ్న యోహాను 9లో శిష్యులు అడిగిందే: పాపం చేసింది ఎవరు, వీడా, వీడిని కన్నవాళ్లా? ప్రభువు ఆ ప్రశ్నను అక్కడే తోసిపుచ్చాడు. మనం మాత్రం దాన్ని ఇంకా వదల్లేదు.

మా పిన్నికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చుట్టుపక్కల ఎక్కడ స్వస్థత కూటం పెట్టినా బంధువులు ఆమెను తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టేవారు. ప్రార్థన అయ్యాక లేచి నడువమ్మా అనేవారు. ఆమె లేవలేకపోతే మైకు పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది. ఒకసారి ఒక దైవసేవకుడు, నీకు విశ్వాసం చాలడం లేదు సహోదరీ అని అందరి ముందే అనేశాడు. ఇంటికొచ్చాక ఈవిడ ఎంత ఏడుస్తుందో అని మాకు టెన్షన్. పిన్ని మాత్రం చెప్పులు విప్పుతూ, "రేపు ప్రభువు బల్ల ఉంది కదే, నా తెల్ల చీర ఇస్త్రీ చేసి పెట్టు" అంది. (ప్రభువు బల్ల అంటే సంఘం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన.) దేవుడు బాగుచేయడని నేను అనడం లేదు. బాగుపడినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. బాగుపడనివాళ్లను విశ్వాసం లేనివాళ్ల లెక్కలో వేయడం మీదే నా కోపమంతా.

మెఫీబోషెతు సంపూర్ణత ఎక్కడ కనబడుతుందో తెలుసా? 19వ అధ్యాయంలో. చాలామంది అక్కడిదాకా చదవరు. కొడుకు అబ్షాలోము తిరుగుబాటుకు దావీదు యెరూషలేము విడిచి వెళ్లినప్పుడు, మెఫీబోషెతు గాడిదకు గంత కట్టించుకుని రాజుతో వెళ్దామనుకున్నాడు. సీబా మోసం చేశాడు. పైగా రాజు దగ్గర యజమాని మీద కొండెం చెప్పి భూములన్నీ రాయించుకున్నాడు. రాజు బల్ల దగ్గర ఏళ్లు గడిచినా ఆ కుంటితనమే అతనికి మళ్లీ అడ్డం వచ్చింది! రాజు క్షేమంగా తిరిగొచ్చేదాకా అతను కాళ్లు కడుక్కోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతుక్కోలేదు. దావీదు వచ్చి, భూమిని నువ్వూ సీబా పంచుకోండి అని తీర్పు చెబితే, నా ఏలినవాడు క్షేమంగా వచ్చాడు, అన్నీ సీబానే తీసుకోనివ్వండి అన్నాడు. ఒకప్పుడు తన్ను చచ్చిన కుక్కతో పోల్చుకున్న మనిషేనా ఇతను? కాళ్లు అవే. అన్యాయమూ తీరలేదు, సగమే తీరింది. అయినా ఏ కొరతా లేనివాడిలా మాట్లాడుతున్నాడు. రాజు ఉంటే చాలు అతనికి. నాకు ఈ వచనం దగ్గర ప్రతిసారీ కళ్లు చెమర్చుతాయి. మృతుల్లోంచి లేచిన ప్రభువు కూడా శిష్యుడైన తోమాకు గాయాలున్న చేతుల్నే చూపించాడు కదా!

ఇప్పుడు మన సంగతి. మొదటి ఆదివారం ప్రభువు బల్ల సిద్ధం చేస్తుంటే మెల్లగా లేచి బయటికి వెళ్లిపోయేవాళ్లను చూస్తూనే ఉంటాను. ఇంట్లో భర్త తాగుడు, విడాకుల కేసు, మానని డిప్రెషన్, మళ్లీ మళ్లీ పడిపోయే ఒక బలహీనత. నాకు అర్హత లేదండీ అంటారు. పౌలు ఏమన్నాడు? ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను; ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను (1 కొరింథీ 11:28). పరీక్షించుకుని వెళ్లిపొమ్మని అనలేదు, తినమన్నాడు. చేసిన పాపం ఉంటే అక్కడే ఒప్పుకోండి, సమాధానపడాల్సిన మనిషి ఉంటే వెళ్లి సమాధానపడండి. ఏ సమస్యా లేని రోజు చూసుకుని వద్దామని మాత్రం ఆగకండి. దయచేసి కూర్చోండి.

సంఘ పెద్దలకూ ఒక మాట. దావీదు మెఫీబోషెతును నడిచి రమ్మని కబురు చేయలేదు, మనుషుల్ని పంపి రప్పించాడు (9:5). మన మందిరాలకు ఎత్తైన మెట్లు కట్టుకున్నాం. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మలూ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ ఆ మెట్ల కిందే ఆగిపోతున్నారు. ఈసారి రంగులకూ లైటింగుకూ పెట్టే డబ్బులో కొంత తీసి, క్రిస్మస్‌కి ముందే ఒక ర్యాంప్ కట్టించండి.