డండ్రాడ్ రోడ్లు

శనివారం. బండి సర్వీసింగుకిచ్చి ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. మధ్యాహ్నమంతా అల్‌స్టర్ గ్రాండ్ ప్రి పాత వీడియోలు చూస్తూ గడిపాను. ఊరి రోడ్ల మీద జరిగిన మోటార్‌సైకిల్ రేసు అది.

2019 ఆగస్టులో పీటర్ హిక్‌మన్ అనే రైడర్ అక్కడ ఏడు రేసులు గెలిచాడు. ఒక ల్యాపులో అతని సగటు వేగం గంటకు 136.415 మైళ్ళు, అంటే 219 కిలోమీటర్ల పైమాటే. సగటు! లిండ్సే హెయిర్‌పిన్ అనే ఇరుకు మలుపు దగ్గర బాగా నెమ్మదించి, మళ్ళీ లాగి సాధించిన సగటు. అటూ ఇటూ కంచెలు, గట్లు. రేపు పొద్దున ట్రాక్టర్లు తిరిగే రోడ్డే. ప్రపంచంలోకెల్లా వేగమైన రోడ్ రేసని పేరు తెచ్చిన ఆ వారమే ఆ రేసుకి ఆఖరిదయింది. నిర్వాహకులు అప్పుల్లో కూరుకుపోయారు, 2020 రేసు రద్దయింది.

అది 1922లో ఉత్తర ఐర్లండ్‌లోని క్లేడీ రోడ్ల మీద మొదలైంది. 1949లో ప్రపంచ చాంపియన్‌షిప్ పుట్టినప్పుడు తొలి ఆరు రేసుల్లో ఇదొకటి. 1953లో అక్కడి డండ్రాడ్ అనే ఊరి రోడ్లకి మారింది, ల్యాపు దాదాపు 12 కిలోమీటర్లు. 1971తో చాంపియన్‌షిప్ హోదా పోయింది. అల్లర్ల వల్ల 1972లో, పశువుల గాలికుంటు వల్ల 2001లో ఆగినా మళ్ళీ లేచింది. అన్నిటికీ తట్టుకున్నది డబ్బు దగ్గర పడిపోవడం నాకు మింగుడు పడదు. 2017లో ఇక్కడే ఇద్దరు రైడర్లు చనిపోయారు. ప్రమాదం వల్లే ఆపేశామని ఉంటే నోరెత్తేవాణ్ణి కాదు.

1999 రేసు మాత్రం రెండుసార్లు చూశాను. అందులో రైడర్ జోయీ డన్‌లప్‌కి అప్పటికి 47 ఏళ్ళు. తనకన్నా ఎంతో చిన్నవాడైన డేవిడ్ జెఫరీస్‌తో హోరాహోరీగా పోరాడి గెలిచాడు. ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులోలా విడివిడిగా బయలుదేరి గడియారంతో పోటీ పడడం కాదిక్కడ. అందరూ గుంపుగా బయలుదేరేవాళ్ళు, ముందున్నవాణ్ణి దాటితేనే గెలుపు. ఆ పోరు చూస్తుంటే టీ చల్లారిపోయింది. డన్‌లప్‌కి ఈ రేసులో మొత్తం 24 విజయాలు. మరుసటి ఏడాది జులైలో ఎస్టోనియాలోని టాలిన్‌లో రేసులోనే పోయాడు.

ఏదో ఒక ట్రాకు మీద ఇదే పేరుతో మళ్ళీ నడపొచ్చు కదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. క్లేడీ నుంచి మారినప్పుడు కూడా వాళ్ళు ఊరి రోడ్డునే వెతుక్కున్నారు.