వీల్‌చైర్‌లో ఉన్న ఆడదానికి ఈ సంగతులు ఎవరు చెబుతారు?

విశాఖ గాజువాకలో కడుతున్న ఇంటి మేడ మీంచి పడి నా వెన్నెముక దెబ్బతింది. స్కాన్ రిపోర్టులో టీ-10 అని రాశారు, అంటే ఛాతీ వెనక ఉండే వెన్నుపూసల్లో పదోది. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కాళ్ళలో కదలిక లేదు. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రిలో చాలా విషయాలు ఓపిగ్గా నేర్పారు. మూత్రం గొట్టం ఎలా పెట్టుకోవాలి, పుండ్లు పడకుండా ఎంతసేపటికోసారి పక్కకి తిరగాలి, మంచం మీంచి కుర్చీలోకి ఎలా జరగాలి, అన్నీ. నెలసరి గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. కొన్ని నెలలు రాలేదు. ఇక రాదేమోనని అమ్మ దిగులు పడింది. తర్వాత దానంతటదే వచ్చింది. వెన్నెముకకి గాయమైన ఆడవాళ్ళలో ఇది మామూలేనని, ఆగిన నెలసరి మళ్ళీ వస్తుందని, గర్భం వచ్చే అవకాశం కూడా ఎక్కడికీ పోదని నాకు పెళ్ళయ్యేదాకా తెలియదు.

పెళ్ళి మా ఇద్దరి ఇష్టంతో జరిగింది. ఆయన పరవాడ వైపు ఫార్మా కంపెనీలో పని చేస్తారు. వెంటనే పిల్లలు వద్దనుకున్నాం. మందులు, ఇల్లు, డబ్బు, అన్నీ కాస్త కుదుటపడాలి. అంటే ఏదో ఒక పద్ధతి వాడాలి. నా శరీరానికి ఏది మంచిది అన్నదే నా ప్రశ్న. పెళ్ళైన ఏ అమ్మాయైనా అడిగేదే.

మొదట ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి అత్తయ్యతో కలిసి వెళ్ళాను. డాక్టరమ్మ నా వైపు చూడలేదు. అన్నీ అత్తయ్యనే అడిగింది. పరీక్ష చేసే బల్ల నా కుర్చీ కంటే చాలా ఎత్తు. ఇద్దరు మగవాళ్ళు వచ్చి నన్ను ఎత్తి దాని మీద పడుకోబెట్టారు. కర్టెన్ సగం తెరిచే ఉంది. అప్పుడు ఆవిడ అత్తయ్యతో, "ఈ పరిస్థితిలో పిల్లలెందుకమ్మా? గర్భసంచి తీయించెయ్యండి, నెలనెలా ఈ బాధ కూడా తప్పుతుంది" అంది. ఏ జబ్బూ లేని నా గర్భసంచి గురించి, నన్ను ఒక్క మాట అడక్కుండా.

నాకు ఏడుపు కూడా రాలేదు. ఆటోలో అత్తయ్యే ముందు మాట్లాడింది. "ఆవిడెవరమ్మా నీ సంచి తీసెయ్యమని నాతో చెప్పడానికి? నీకు నోరు లేదా, బుర్ర లేదా?" అంది. చదువుకోని మనిషి. ఆ రోజు ఆ మాట అన్నందుకు ఆమెకి జన్మంతా రుణపడి ఉంటాను.

మాలాంటి వాళ్ళకి ఫోన్‌లో ఒక చిన్న గ్రూపు ఉంది. ఎక్కువగా వాయిస్ మెసేజ్‌లే, ఎందుకంటే కొందరికి చేతివేళ్ళు పని చెయ్యవు. అందులో విజయనగరం అక్క ఒకరు ఉన్నారు, ఆమెకి గాయం మెడ దగ్గర. జరిగింది చెప్తే ఆమె రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడారు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 10వ సెక్షన్ చదివి వినిపించారు. పిల్లల్ని కనడం గురించి, కుటుంబ నియంత్రణ గురించి మాకు సరైన సమాచారం అందేలా చూడడం ప్రభుత్వం బాధ్యత. మా ఇష్టపూర్వక అంగీకారం లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం ఏదీ మాకు చెయ్యకూడదు. 25వ సెక్షన్‌లో ఆసుపత్రులు, ప్రైవేటువైనా సరే, మేం లోపలికి రాగలిగేలా ఉండాలని, చూసేటప్పుడు మాకు ముందు అవకాశం ఇవ్వాలని ఉంది. నేను వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం తిరిగినన్నాళ్ళూ పింఛను గురించి చెప్పినవాళ్ళే గానీ ఈ సెక్షన్ల గురించి చెప్పినవాళ్ళు లేరు.

అక్క ఇంకో సంగతి చెప్పారు. గాయం టీ-6 దగ్గరగానీ ఆ పైన గానీ ఉన్నవాళ్ళకి కింద భాగంలో పరీక్ష చేసేటప్పుడు, మూత్రాశయం నిండినప్పుడు, కాన్పు సమయంలో ఒక్కసారిగా బీపీ పెరిగిపోవచ్చు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖమంతా ఎర్రబడి చెమటలు. దాన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు, ప్రాణం మీదకి కూడా రావచ్చు. ఆమెకి పరీక్ష మధ్యలో అలాగే అయితే ఆమే డాక్టరుకి చెప్పి ఆపించి, లేచి కూర్చోబెట్టించుకున్నారట. నాది టీ-10 కాబట్టి ఆ భయం దాదాపు లేదు. కానీ మెడ దగ్గరో, ఛాతీ పై భాగంలోనో గాయమైనవాళ్ళు ఈ పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుని వెళ్ళండి. తెలియని డాక్టర్లు ఉంటారు.

తర్వాత మా వీధి ఆశా కార్యకర్తని అడిగాను. ఆమె మా వార్డు నర్సు, ఏఎన్ఎమ్‌ని ఇంటికి తీసుకొచ్చింది. ఏఎన్ఎమ్ నాకెదురుగా నేల మీద కూర్చుని, సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి చూపించింది. కండోమ్, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు, వారానికి వేసుకునే ఛాయా మాత్రలు, మూడు నెలలకోసారి అంతరా ఇంజెక్షన్, గర్భసంచిలో పెట్టే కాపర్-టి. ఇవన్నీ ప్రభుత్వంలో ఉచితమే. "నడవగలిగే వాళ్ళకైతే నేనే చెప్పేద్దును. నీకు ఏది సరిపోద్దో నాకు తెలీదమ్మా, పెద్ద డాక్టర్ని అడుగుదాం" అంది. తెలియదని ఒప్పుకుని, తెలిసిన చోటికి దారి చూపించే మనిషి దొరకడం ఎంత ధైర్యమో! వన్‌టౌన్‌లో ఆడవాళ్ళ కోసం ఉన్న ఘోషా ఆసుపత్రికి వెళ్ళాలా, పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కా అని ఇద్దరం ఆలోచించాం. నాకు మూత్రం డాక్టరు, రక్తనాళాల స్కాన్ కూడా కావాల్సి వస్తుందని కేజీహెచ్‌కే చీటీ రాసింది.

కేజీహెచ్ కొండవాలు మీద ఉంటుందని విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొండ కింద దిగి కుర్చీ తోసుకుంటూ ఎక్కడం నా వల్ల కాదు. ఆటో నేరుగా ఓపీ దగ్గర దాకా వచ్చేలా ముందే మాట్లాడుకున్నాం. ప్రశ్నలు తెల్లకాగితం మీద రాసుకుని వెళ్ళాను. గదిలో నోట మాట రాకపోతే కాగితం ఇచ్చెయ్యొచ్చని అక్క చెప్పిన ఉపాయం.

అక్కడ చూసిన డాక్టరు మేడమ్ మొదట చేసిన పని మా ఆయన్ని, అత్తయ్యని కాసేపు బయట కూర్చోమనడం. తలుపు వేశాక నా వైపు తిరిగి, "చెప్పమ్మా, నీకేం కావాలి?" అన్నారు. నెలసరి ఎలా వస్తుంది, కలయికలో ఇబ్బంది ఉందా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా, పిల్లలు ఎప్పుడు కావాలి, ఒక్కొక్కటీ నన్నే అడిగారు. సంతకం కూడా నాదే. గర్భస్రావం చేయించుకోవడానికైనా సరే, 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలని, భర్త సంతకం చట్టం అడగదని ఆవిడే చెప్పారు.

పరీక్షకి ముందు మూత్రాశయం ఖాళీ చేసుకున్నాను. అలా చేస్తే కాళ్ళు బిగుసుకోవడం తగ్గుతుంది. కుర్చీలోంచి బల్ల మీదకి జరగడానికి వాడే నా జారుడు పలక నేనే తీసుకెళ్ళాను, ఆడ సిబ్బంది ఇద్దరికి ఎక్కడ పట్టుకోవాలో చెప్పాను. వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకి కట్టించుకోవాల్సిన పని లేదని, పక్కకి తిరిగి పడుకున్నా పరీక్ష చెయ్యొచ్చని అక్కడే తెలిసింది. కాళ్ళు వణికినప్పుడు ఆవిడ ఆగి, వణుకు తగ్గాకే మళ్ళీ మొదలుపెట్టారు.

ఇక పద్ధతుల విషయం. మాలా-ఎన్ లాంటి, ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. కదలని కాళ్ళలో ఆ ప్రమాదం ముందే ఉంది, పైగా నాకు ఒకసారి పిక్క వాచింది. కాబట్టి అవి వద్దన్నారు. అంతరా ఇంజెక్షన్ వాడినంత కాలం ఎముకల గట్టితనం కొంత తగ్గవచ్చు. గాయం కింద భాగంలో నా ఎముకలు ఇప్పటికే పలచబడ్డాయి. కాపర్-టి మంచిదే గానీ నెలసరి ఎక్కువవుతుంది, కుర్చీలో ప్యాడ్ మార్చుకోవడం నాకెంత కష్టమో నాకే తెలుసు. చివరికి గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం ఎంచుకున్నాను. నెలసరి బాగా తగ్గిపోతుంది, కనీసం 5 ఏళ్ళు పని చేస్తుంది, పిల్లలు కావాలనుకుంటే తీయించెయ్యొచ్చు. ఖరీదు మాకు భారమే, పక్కింటి వాళ్ళ దగ్గర కొంత తీసుకున్నాం. నాకు నొప్పి తెలియదు గనుక అది జారినా, లోపల ఇన్‌ఫెక్షన్ వచ్చినా గుర్తుపట్టలేను. అందుకే పెట్టాక స్కాన్ చేశారు. జ్వరం, దుర్వాసన, కాళ్ళ బిగువు ఉన్నట్టుండి పెరగడం, ఇలాంటివి కనిపిస్తే ఆగకుండా రమ్మన్నారు.

ఇది నా శరీరం లెక్క. గ్రూపులో ఫిట్స్ మందు వాడే అమ్మాయి ఉంది, ఫెనిటోయిన్ లాంటి కొన్ని మందులు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఆమె లెక్క వేరు. ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాలు వాడినవాళ్ళలో కొందరికి లేటెక్స్ పడదు, కండోమ్ వాడాక దద్దుర్లు వస్తే లేటెక్స్ లేని రకం అడగాలి.

కాగితంలో ఆఖరి ప్రశ్న అడగడానికి చాలా సిగ్గుపడ్డాను. స్పర్శ లేనిదాన్ని, నాకు దాంపత్య సుఖం ఉంటుందా అని. మేడమ్ సూటిగా చెప్పారు. ఉంటుంది. స్పర్శ ఉన్న చోట, మెడ, చెవులు, ఛాతీ, అవి ఇంకా సున్నితంగా మారతాయి కొందరిలో. ముందు మూత్రాశయం ఖాళీ చేసుకో, పొడిగా ఉంటే నీటితో చేసిన జెల్ వాడు, తర్వాత చర్మం ఎక్కడైనా ఒరుసుకుందేమో అద్దంతో చూసుకో, ఆయనతో మాట్లాడు అన్నారు. దెబ్బ తగిలినప్పటి నుంచి ఒక డాక్టరు నన్ను భార్యగా చూసి మాట్లాడింది అప్పుడే.

బయట వరండాలో నా పక్కన ఒక ట్రాన్స్ మహిళ కూర్చుని ఉంది. ఆమెకి కావాల్సింది సుఖవ్యాధుల పరీక్ష. ఏ లైన్‌లో నిలబడాలో తెలియక తిరిగి తిరిగి అలసిపోయింది. నాకు తెలిసింది చెప్పాను: పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పరీక్షలకి సురక్ష క్లినిక్ ఉంటుంది, హెచ్‌ఐవి హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. హెచ్‌ఐవి పరీక్షకి మన అంగీకారం తప్పనిసరి, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 చట్టం ఉంది. ఆమె తన ఫోన్‌లో నంబరు ఎక్కించుకుని, నా కుర్చీ బ్రేకు వదులైందని చూసి బిగించి వెళ్ళింది.

వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటున్నాం. మేడమ్ చెప్పింది ఇది: పరికరం తీయించక ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, నేను వాడుతున్న మందులన్నీ ఒకసారి సరిచూడాలి. గర్భంలో మూత్రం ఇన్‌ఫెక్షన్లు, ఒత్తిడి పుండ్లు పెరుగుతాయి, వాటికి సిద్ధపడాలి. నా గాయం ఉన్న చోటుని బట్టి కాన్పు నొప్పులు తెలియొచ్చు, తెలియకపోనూవచ్చు, కాబట్టి చివరి నెలల్లో త్వరత్వరగా చూపించుకోవాలి.

సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మా గ్రూపు తరఫున ఒక అర్జీ ఇచ్చాం. జిల్లాలో కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలో ఎత్తు తగ్గించగలిగే పరీక్ష బల్ల ఒక్కటైనా ఉండాలి, ఏఎన్ఎమ్‌ల శిక్షణలో దివ్యాంగ స్త్రీల గురించి ఒక పూట చెప్పాలి. రసీదు నా దగ్గరే ఉంది. జవాబు రాకపోతే మళ్ళీ వెళ్తాం, ఈసారి విజయనగరం అక్క కూడా వస్తానన్నారు.