లెక్కల సారు గ్రాఫు కాగితం

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదన్నా రాయమని కమిటీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. గోలీసోడా కేసు ముచ్చట తీయొద్దని ముందే మాట తీసుకున్నరు. సరే, పదో తరగతి దాకా ఉన్నదంతా మీకే వదిలేస్తున్న. నాకు లెక్కల సారొక్కరు చాలు.

లాగ్ టేబుల్ తేనోళ్లను వరండాలకు పంపుడు, కిటికీ బెంచి బ్యాచ్‌కు స్పెషల్ కోటా, ఇవన్నీ మీకు ఎరుకే. నాకైతే సారు నేర్పిన ఆ లాగ్ గ్రాఫు కాగితం (1, 10, 100 సమాన దూరంల పడేది) మీదనే ఇయ్యాళ బువ్వ పుడుతున్నది: ఆకాశంల గామా కిరణాల పేలుళ్ల వెలుగు కొలుసుడే నా పని.

గామా కిరణాల పేలుడు, అంటే దూరపు గెలాక్సీల నుంచి వచ్చే మెరుపు, సెకన్లల్ల అయిపోతది. దాని వెనక మిగిలే వెలుగు, ఆఫ్టర్‌గ్లో, గంటలు, రోజులు సన్నగిల్లుకుంట పోతది. మామూలుగా కాలం పదింతలైతే కాంతి పదో వంతుకు పడుతది, అంటే రెండున్నర మ్యాగ్నిట్యూడ్లు (చుక్కల వెలుగును కొలిచే లెక్క). అందుకే గంటకొక ఫొటో అని పెట్టుకుంటే మొదట్ల తక్కువైతయి, చివర్ల దండగైతయి. 10 నిమిషాలకు, 20కి, 40కి, 80కి అని రెట్టింపు చేసుకుంట పోవాలె. లాగ్ గ్రాఫు మీద చుక్కలు సమానంగా పడుతయి, గీత సాఫుగా వస్తది. కొన్నాళ్లకు ఆ గీత ఒక్కసారి నిటారుగా దిగితే సంబరమే: పేలుడు అన్ని దిక్కులకు కాదు, సన్నని జెట్టుగా వచ్చిందని దానర్థం.

ఈ పేలుళ్లను పట్టే స్విఫ్ట్ ఉపగ్రహం నుంచి అలర్ట్ రాంగనే లద్దాఖ్ హాన్లేలోని 2 మీటర్ల చంద్ర టెలిస్కోపును అటు తిప్పాలె. నడిపేది బెంగళూరు దగ్గర హోసకోటె నుంచి. ముందు ఆర్ ఫిల్టరు (ఎర్ర కాంతిది), 5 నిమిషాల ఫ్రేములు, అంటే ఫొటోలు. పాత ఆకాశ సర్వే బొమ్మతో పోల్చినప్పుడు కొత్త చుక్క కనబడితే ఎగరొద్దు. ఒక్క ఫ్రేములనే ఉంటే కెమెరాకు తగిలిన కాస్మిక్ కిరణం, ఫ్రేము ఫ్రేముకు జరిగితే గ్రహశకలం. ఆర్‌లో లేకుండ ఐ ఫిల్టరుల (ఎరుపు దాటిన కాంతిది) ఉంటే మాత్రం మంచి బేరమే: చాలా దూరపుదో, ధూళి చాటుదో.

టైమంతా యూటీలనే, అంటే ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన యూనివర్సల్ టైమ్. మన గడియారం దానికన్న ఐదున్నర గంటలు ముందు. 2008 మార్చి 19న కంటికే కనబడేంత వెలిగిన పేలుడు 06:12 యూటీకి వచ్చింది. హన్మకొండల అప్పుడు పట్టపగలు 11:42, ఎండ దంచుతున్నది! ఈ లెక్క తప్పితే మొదటి గంటల చుక్కలన్నీ పక్కకు జరిగి గీత వాలు ఖరాబైతది.

వేరేవాళ్ల కొలతలు కలుపుకునేటప్పుడు వేగా పద్ధతా, ఏబీ పద్ధతా చూడాలె; మ్యాగ్నిట్యూడుకు సున్నా ఎక్కడ పెట్టాలనే దాంట్ల ఇవి రెండు తీర్లు. ఆర్‌లో రెండింటికీ దాదాపు 0.2 తేడా. చూడకుంటే లేని వంపు కనబడుతది. మా స్టూడెంట్ పిల్లలు గ్రాఫు గీసి పట్టుకొస్తే నేను ముందు అడిగేది ఇదే. జవాబు రాకుంటే వరండాలకు పంపను గానీ, టీ వాళ్లే తాపాలె.

వారం రెండు వారాలైనంక గీత చదునైతే ఆఫ్టర్‌గ్లో తగ్గుడు ఆగిందనుకోవద్దు. అది వెనకున్న గెలాక్సీ వెలుగు కావచ్చు. కొన్ని నెలలాగి అదే ఫిల్టరుల మళ్ల ఒక ఫొటో తీసి, పాతవాటిలకెళ్లి దాన్ని తీసేయాలె. అదీ అయినంకనే గీత గీయాలె.