పిట్ట ఎప్పుడు పేలుతుంది పిన్నీ?

పోయిన ఆదివారం మా అక్క, అక్క కూతురు మా ఇంటికి వచ్చారు. పిల్లకి ఏడేళ్ళు. భోజనాలయ్యాక దానికి స్నో వైట్ పెట్టాను, 1937లో డిస్నీ తీసిన పాత సినిమా. స్నో వైట్ అడవిలో పాడుతుంటే పిట్టలు చుట్టూ చేరే సీన్ రాగానే పిల్ల రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, "ఇప్పుడు పేలుతుంది చూడు పిన్నీ" అంది. పాట అయిపోయింది. ఏ పిట్టా పేలలేదు. నా వైపు తిరిగి, "మరి ఎప్పుడు పేలుతుంది?" అని అడిగింది.

ఆ ముందు వారమే దానికి ష్రెక్ చూపించాను, ష్రెక్ అనే ఆకుపచ్చ రాక్షసుడి కార్టూన్ సినిమా. అందులో ఫియోనా అనే రాకుమారి పొద్దున్నే అడవిలో పాట ఎత్తుకుంటుంది. ఒక నీలం పిట్ట వంత పాడుతుంది. ఈమె స్థాయి పెంచుతుంది, అదీ పెంచుతుంది. ఇంకా పైకి వెళ్తుంది. పిట్ట ఉబ్బి ఉబ్బి ఢాం అంటుంది. గూట్లో మూడు గుడ్లు మిగులుతాయి. ఫియోనా వాటి వైపు చూస్తుంది. తర్వాతి షాట్‌లో ఆ గుడ్లు రాతి మీద వేగుతుంటాయి.

పిట్టలతో పాడే రాకుమారి అనే పాత ముచ్చట మీద వేసిన జోక్ అది. మా పిల్లకి మాత్రం జోక్ ముందు తెలిసింది, ముచ్చట తర్వాత తెలిసింది. దాని దృష్టిలో స్నో వైట్ అంటే పిట్ట పేలడం మర్చిపోయిన సినిమా.

నేను పదకొండేళ్ళుగా కార్టూన్లకి తెలుగు డైలాగులు రాస్తున్నాను. కృష్ణానగర్‌లో మెట్ల కింద ఉన్న చిన్న డబ్బింగ్ థియేటర్లలోనే నా రోజులు గడుస్తాయి. కాబట్టి ఆ ప్రశ్న వారం రోజులుగా నన్ను వదల్లేదు. ఎందుకంటే నాకూ ఇలాగే జరిగింది.

ఇంటర్ చదివే రోజుల్లో నల్లకుంటలో మా సందు చివర సీడీల షాపు ఉండేది. ష్రెక్ అక్కడే తెచ్చుకుని చూశాం. రెండు సీడీలు. మొదటిది అయిపోయాక రెండోది పెట్టేదాకా ఇంట్లో అందరూ కదలకుండా కూర్చోవడం గుర్తుంది. ఫార్క్వాడ్ అనే పొట్టి దొర ఊరు డ్యులాక్. బయట పెద్ద పార్కింగ్, లోపలికి వెళ్ళడానికి తిరిగే గేట్లు, అటూ ఇటూ తాళ్ళు కట్టిన క్యూ. పెద్ద తలకాయ బొమ్మ తొడుక్కున్న ఒకతను ష్రెక్‌ని చూసి భయపడి పారిపోతూ కూడా ఆ తాళ్ళ మధ్యే వంకర్లు తిరుగుతూ పరిగెడతాడు. ష్రెక్ మాత్రం తాళ్ళన్నీ తోసుకుంటూ నేరుగా నడిచి వచ్చేస్తాడు. మా నాన్న పడీపడీ నవ్వారు. ఆయనకి తిరుమల క్యూ కాంప్లెక్స్ గుర్తొచ్చింది. నాకు స్కూల్ నుంచి వెళ్ళిన రామోజీ ఫిల్మ్ సిటీ గుర్తొచ్చింది. అదంతా డిస్నీ వాళ్ళ వినోదాల పార్కు డిస్నీల్యాండ్ మీద వేసిన దెబ్బ అని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండానే అంత నవ్వాం.

దాని వెనక ఉన్న గొడవ నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ 1984 నుంచి 1994 దాకా డిస్నీలో సినిమాల విభాగం చూశాడు. లిటిల్ మర్మైడ్, బ్యూటీ అండ్ ద బీస్ట్, అల్లాద్దీన్, లయన్ కింగ్ అన్నీ ఆ కాలంలోవే. 1994లో కంపెనీ ప్రెసిడెంట్ ఫ్రాంక్ వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ కుర్చీ తనకే వస్తుందని కాట్జెన్‌బర్గ్ ఆశపడ్డాడు. కంపెనీ అధిపతి మైకేల్ ఐస్నర్ ఇవ్వనన్నాడు. కాట్జెన్‌బర్గ్ బయటికొచ్చి అదే ఏడాది స్పీల్‌బర్గ్, డేవిడ్ గెఫెన్‌లతో కలిసి డ్రీమ్‌వర్క్స్ అనే సొంత స్టూడియో పెట్టాడు. తనకి రావాల్సిన డబ్బు కోసం డిస్నీ మీద కేసు కూడా వేశాడు. అది 1999లో రాజీ అయింది. ఈలోపు 1998లో చీమల గొడవ. డ్రీమ్‌వర్క్స్ యాంట్జ్ అక్టోబర్‌లో వచ్చింది, డిస్నీతో కలిసి సినిమాలు తీసే పిక్సార్ స్టూడియో చీమల సినిమా ఎ బగ్స్ లైఫ్ నవంబర్‌లో వచ్చింది. మా ఐడియా ఎత్తుకెళ్ళారని పిక్సార్ వాళ్ళు బాధపడ్డారు, అవతలివాళ్ళు కాదన్నారు. ఆ తర్వాత 2001లో డ్రీమ్‌వర్క్స్ నుంచే ష్రెక్. ఫార్క్వాడ్ మొహంలో ఐస్నర్ పోలికలున్నాయని చాలామంది అంటారు. ఉత్తమ యానిమేషన్ చిత్రానికి మొట్టమొదటిసారి ఇచ్చిన ఆస్కార్ 2002లో ష్రెక్‌కే వచ్చింది. ఓడిన వాటిలో పిక్సార్ వాళ్ళ మాన్‌స్టర్స్ ఇంక్ కూడా ఉంది.

ఆ కోపం లేకపోతే డ్యులాక్ అంత పదునుగా ఉండేది కాదని నేను నమ్ముతాను. ఒక ఇంట్లో పదేళ్ళు ఉండి బయటికొచ్చిన మనిషికే ఆ ఇంటి గుట్లు అంత బాగా తెలుస్తాయి. కానీ మా నాన్న నవ్వింది వాళ్ళ పగ చూసి కాదు. పారిపోయేవాడు కూడా క్యూ పాటించడం చూసి నవ్వారు. ఆ బొమ్మ వేసినవాళ్ళు ఇంటి గొడవ తెలియని వాళ్ళ కోసం కూడా పనిచేశారు. ఒకే సీన్‌లో పెద్దవాళ్ళకో నవ్వు, పిల్లలకో నవ్వు, దూరాన ఉన్న మాకో నవ్వు పెట్టారు. నాకు ఎంతో గౌరవం కలిగే పనితనం అది. తర్వాత వచ్చిన ఎన్నో సినిమాల్లో ఆ పనితనం కనపడదు. ఫలానా సినిమా పోజు, ఫలానా పాట ముక్క తెచ్చి పెడతారు. అసలుది చూడనివాడికి అక్కడ ఏమీ ఉండదు. డిస్నీ తనని తాను ఆటపట్టించుకున్న ఎన్‌చాంటెడ్ మాత్రం, 2007లోది, నాకు చాలా ఇష్టం. రాకుమారి పాడి పిలిస్తే న్యూయార్క్‌లో ఇల్లు ఊడవడానికి ఎలకలు, పావురాలు, బొద్దింకలు వస్తాయి. స్నో వైట్ తెలియని మనిషైనా బొద్దింకలు బాత్‌టబ్ తోముతుంటే నవ్వకుండా ఉండలేడు.

మనకి ఇది కొత్తేం కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి తిట్టుకుంటారు. ఒకసారి శిల్పారామంలో చూశాను. లంకలో అంత యుద్ధం ఆగిపోయి వీళ్ళ కాపురం గొడవ మొదలైంది. పిల్లలు కేతిగాడి నడకకి నవ్వుతున్నారు, ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని మాటలకి నవ్వుతున్నారు.

అది మనసులో పెట్టుకునే మూడేళ్ళ క్రితం ఒక సిరీస్‌లో నేనొక సాహసం చేశాను. అమెరికాలో ఎప్పటిదో టీవీ షోని వెక్కిరించే సీన్ అది. ఇక్కడి పిల్లలకి ఒక్క ముక్క అర్థం కాదు. దాన్ని బుర్రకథ చేశాను. కథకుడు ఒక మాట అంటే పక్కనున్న ఇద్దరూ తందాన తానా అనేటట్టు, బొమ్మ పెదవుల కదలికకి మాట కలవడం, అదే లిప్ సింక్, తప్పకుండా, రెండు రాత్రులు కూర్చుని రాశాను. థియేటర్‌లో సౌండ్ ఇంజనీర్ నవ్వు ఆపుకోలేక టేక్ మళ్ళీ తీయాల్సి వచ్చింది. పై నుంచి కరెక్షన్ వచ్చింది: లోకల్ టచ్ ఎక్కువైంది, ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు రాయండి అని. రాశాను. టీవీలో వచ్చిన రోజు మా పిల్ల ఆ సీన్ వచ్చినప్పుడే మంచినీళ్ళకి లేచి వెళ్ళింది. నాకు ఇప్పటికీ బాధే.

ష్రెక్‌లో డ్యులాక్ గేటు దగ్గర కొయ్యబొమ్మలు ఊరి రూల్స్ పాడతాయి. ప్రాస ప్రకారం ఒక మొరటు మాట రావాల్సిన చోట క్షణం ఆగి, మొహం అనే మర్యాద మాట పాడేస్తాయి. ఎవరూ అడగకపోయినా ఈ వారం దాని తెలుగు కోసం నోట్‌బుక్ ముందు కూర్చున్నాను. పెదవులు కలిస్తేనే పలికే అక్షరాలు ప, బ, మ. డబ్బింగ్‌లో మాకు వాటితోనే ఎప్పుడూ టెన్షన్. ఈసారి అవే ఆదుకున్నాయి. పెదవులు బిగించి క్షణం ఆగితే వచ్చేది ప అవుతుందో బ అవుతుందో వినేవాడికి తెలియదు. నిన్న సాయంత్రం వచ్చినప్పుడు పిల్లకి పాడి వినిపించాను.

"గడ్డిలోకి తేవద్దు కర్ర
శుభ్రంగా కడుక్కో నీ..."

ఆగాను. అది కళ్ళు పెద్దవి చేసి నా పెదవుల వైపే చూస్తోంది.

"...బుర్ర!"

సోఫా మీంచి కిందికి జారిపోయేంత నవ్వింది. "మళ్ళీ పాడు పిన్నీ" అని, నేను ఎత్తుకునేలోపే తనే అందుకుని, ఆగాల్సిన చోట ఆగకుండా, బుర్ర బదులు నేను దాచిన మాటే గట్టిగా పాడేసింది. వంటింట్లోంచి మా అక్క గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఏం నేర్పిస్తున్నావే దానికి?"