బ్యాంకాక్ మళ్ళీ, ఈసారి కాలువ దారిన

సుఖుమ్‌విత్‌లో హోటల్, ప్రతూనామ్‌లో బట్టలు, రాత్రికి ఏదో ఒక మాల్. మనవాళ్ళ బ్యాంకాక్ చాలావరకు ఇంతే, మొన్నటిదాకా నాదీ ఇంతే. ఈసారి ట్యాక్సీ మానేసి పాత ఊరికి నీళ్ళ మీదే వెళ్ళాను. ఊరి అమరిక అప్పుడు తెలిసింది: ఇక్కడ ముందు పుట్టినవి కాలువలు, రోడ్లు తర్వాతివి.

సేన్‌సేప్ కాలువను థాయ్ రాజు మూడో రామా హయాంలో, 1837లో తవ్వడం మొదలెట్టారు, కంబోడియా వైపు సైన్యాన్ని పంపడానికి. ఇప్పుడందులో ఆఫీసులకు వెళ్ళే జనం. పడవ రేవులో ఆగేది కొన్ని క్షణాలే. అంచుకి ఆనగానే తాడు పట్టుకుని లోపలికి దిగిపోవాలి. అంచు సీటు దొరికిందా, మీకో డ్యూటీ పడ్డట్టే. ఎదురు పడవ వచ్చినప్పుడల్లా పక్కనున్న తాడు లాగి టార్పాలిన్ పట్టా పైకి లేపాలి, లేకపోతే ఆ మురికినీళ్ళు వరసంతటి మీదా పడతాయి. కండక్టర్ హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీద నడుస్తూ డబ్బులు వసూలు చేస్తారు. ఛార్జీ 20 బాత్‌కి అటూ ఇటూ, చిల్లర ఉంచుకోండి. అసోక్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ప్రతూనామ్‌లో పడవ మారాలి. టికెట్ పారేయకండి. చివరి రేవు పాన్‌ఫా, బంగారు కొండ గుడి పక్కనే.

రాజప్రాసాదానికి టికెట్ 500 బాత్, ప్రవేశం ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. గోడ బయట ఎవరైనా "ఇవాళ మూసేశారు" అంటే నమ్మొద్దు, ఆ మాట వెనక టుక్‌టుక్ బేరం ఉంటుంది. నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు వేసుకుంటే లోపలికి పంపరు.

లోపలి గుడిలో అందరూ మరకత బుద్ధుడి దగ్గరే గుమిగూడతారు. నేనైతే చుట్టుమంటపం గోడలకే ఎక్కువ సమయం ఇమ్మంటాను. అక్కడ థాయ్ రామాయణం, రామకియెన్, 178 ఘట్టాలుగా ఉంది. ఉత్తర ద్వారం దగ్గర జనకుడికి సీత దొరికే బొమ్మతో మొదలుపెట్టి ప్రదక్షిణగా నడిస్తే కథ వరసలో వస్తుంది. వేరేచోట మొదలుపెడితే అంతా కలగాపులగమే. మన హనుమంతుడు బ్రహ్మచారి. ఇక్కడాయన వారధి రాళ్ళు ఎత్తుకుపోతున్న మత్స్యకన్యని, అదీ రావణుడి కూతుర్ని, వలచి కొడుకుని కంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్తే ఆ బొమ్మ ముందు కాసేపు చర్చ తప్పదు!

తా తియెన్ రేవు నుంచి నది అవతలి వాట్ అరుణ్ గుడికి దాటుపడవ 5 బాత్. నది పొడవునా వెళ్ళాలంటే నారింజ జెండా పడవ 16 బాత్, దూరమెంతైనా అదే ధర. సాథోన్ రేవులో పిలిచి మరీ అమ్మేది నీలి జెండా టూరిస్టు పడవ టికెట్; తొందరేమీ లేకపోతే నారింజ జెండాకే ఆగండి. అందులో కండక్టర్ రేకు గొట్టం గలగలలాడిస్తూ వస్తే డబ్బులు తీయాలని అర్థం.

తిరుగు ప్రయాణానికి సనామ్ చాయ్ మెట్రో ఉంది, 2019లో వచ్చింది. వాట్ ఫో గుడి నుంచి నడిచే దూరమే. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. పైన నడిచే బీటీఎస్ రైలు వేరే సంస్థది, దాని టికెట్ వేరేగా కొనాలి.

శాకాహారులు "మాంసం వద్దు" అంటే సరిపోదు, చేప సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న "జే" శాకాహార అంగళ్ళు వెతకండి. వాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు.