రాహాబు ఎర్రదారం, 153 చేపలు

బైబిల్‌ని ఉన్నది ఉన్నట్టే చదవాలి, ప్రతీకలూ గూఢార్థాలూ అని మొదలుపెడితే విశ్వాసం పోయినట్టే అని గట్టిగా చెప్పే బోధకులు మనకి బాగానే ఉన్నారు. అదే పెద్దమనిషి మరో ఆదివారం యెహోషువ గ్రంథం తెరిచి, యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్ళని దాచిపెట్టిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారం యేసు రక్తమే అంటాడు, సంఘమంతా ఆమేన్ అంటుంది. కథలో మాత్రం అది ఇల్లు గుర్తుపట్టడానికి వేగులవాళ్ళు చెప్పిన ఆనవాలు, అంతే.

ఆయన సొంతంగా కల్పించాడనీ అనలేం లెండి. మొదటి శతాబ్దం చివర్లో రోమ్ సంఘం కొరింథుకు రాసిన ఉత్తరంలోనే, అదే ఆ సంఘ పెద్ద క్లెమెంట్ రాశాడని చెప్పే ఉత్తరంలో, ఈ ఎర్రదారం సంగతి ఇలాగే ఉంది. అంతకంటే ముందే పౌలు గలతీ పత్రిక 4వ అధ్యాయంలో అబ్రాహాముకి కొడుకుల్ని కన్న ఇద్దరిని, దాసి హాగరునీ, శారా పేరెత్తకుండానే ఆ స్వతంత్రురాలినీ, దేవుడు చేసిన రెండు నిబంధనలుగా మార్చేశాడు. ఇక 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బైబిల్ పండితుడు ఓరిగెన్ అయితే ఇంకా ముందుకెళ్ళి, సూర్యుడూ చంద్రుడూ లేకుండా సృష్టిలో మొదటి మూడు రోజులు ఎలా గడిచాయి, దేవుడు రైతులాగా తోట నాటాడని బుద్ధున్నవాడెవడైనా నమ్ముతాడా అని అడిగాడు. డార్విన్‌కి 1600 ఏళ్ళ ముందు మాట ఇది. సైన్సుకి భయపడి ఈమధ్యే మాట మారుస్తున్నారు అనేవాళ్ళు ఇది గమనించాలి.

కాబట్టి ప్రతీకగా చదవొచ్చా లేదా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు, అందరూ చదువుతున్నారు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే అసలు తంటా.

మంచి సమరయుని కథే తీసుకోండి. దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ణి యాజకుడూ లేవీయుడూ చూసి తప్పుకుపోతే, ఒక సమరయుడు కట్లు కట్టి, తన గాడిదనెక్కించి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చుకి రెండు దేనారాలిచ్చిన కథ. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ దాన్ని ఇలా విప్పుతాడు: దెబ్బలు తిన్నవాడు ఆదాము, దొంగలు సాతానూ వాడి దూతలూ, యాజకుడూ లేవీయుడూ పాత నిబంధన, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల ఇల్లు సంఘం, రెండు దేనారాలు దేవుణ్ణీ పొరుగువాణ్ణీ ప్రేమించమనే రెండు ఆజ్ఞలు, ఆఖరికి ఆ పూటకూళ్లవాడు పౌలు! ఏ ముక్కా మిగల్లేదు, గాడిదతో సహా. దాంట్లో అందం ఉంది, కాదనను. మన సభల్లో ఇప్పటికీ ఇలాంటి ప్రసంగాలు వింటూనే ఉంటాం, నూనె పరిశుద్ధాత్మ, ద్రాక్షారసం రక్తం అంటూ. కానీ యేసు ఆ కథ చెప్పింది ‘నా పొరుగువాడెవడు’ అని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి, చివర్లో నువ్వూ వెళ్ళి అలాగే చెయ్యి అన్నాడు. సమరయుడు క్రీస్తు అయిపోయాక మనం దారిలో పడి ఉన్నవాళ్ళం అవుతాం, మనల్ని ఎత్తుకుని మోసుకెళ్తారు, హాయి. ఇక రోడ్డు మీద ఎవడు పడి ఉన్నా మనం బండి ఆపే పనేముంది? పైగా యూదులు ఛీకొట్టే సమరయుణ్ణి మెచ్చుకోవడంలో ఉన్న చురక కూడా పోయింది. ఈ వ్యాఖ్యానాన్ని 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ కొట్టిపారేశాడు, ఈ ఒక్క విషయంలో నా ఓటు ఆయనకే.

అగస్టీన్‌కి ఈ ప్రమాదం తెలియక కాదు. ఒక వ్యాఖ్యానం ప్రేమను పెంచుతుంటే, రచయిత ఉద్దేశం అది కాకపోయినా, దారి తప్పి పొలాల్లో పడి నడిచినా చేరాల్సిన ఊరికే చేరినవాడిలాంటిదని ఆయనే రాశాడు, అయితే వాడికి సరైన దారి చూపించాలి, లేకపోతే అలవాటుపడి ఎటో పోతాడని కూడా అన్నాడు. నాకు తెలిసి ఇంతకంటే మంచి కొలత ఎవరూ ఇవ్వలేదు.

ఇంత తెలిసిన మనిషి యోహాను సువార్త 21వ అధ్యాయంలో వలలో పడిన 153 చేపల దగ్గర ఏం చేశాడో చూడండి. పది ఆజ్ఞలు, ఆత్మ వరాలు ఏడు, కలిపితే 17, ఒకటి నుంచి 17 దాకా అన్నీ కూడితే 153. కావాలంటే కూడి చూసుకోండి, లెక్క సరిపోతుంది. బైబిల్‌ని లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ ఇంకోలా చెప్పాడు, చేపల గురించి రాసినవాళ్ళ లెక్కలో మొత్తం జాతులు 153 అని, అంటే సకల జనులూ వలలోకి వస్తారని అర్థమట. ఇద్దరూ మహా పండితులే. రాత్రంతా వల వేసి ఏమీ పడక, తెల్లారాక అంత చేప పడితే ఒడ్డుకి లాగినవాళ్ళు లెక్కపెట్టుకోరా ఏంటి, వాటాలు వేసుకోవాలి కదా!